ఇంట్లో పని, పనికి హద్దు: తెలుగు నాట నాలుగు వందల ఏళ్లు

తెలుగు నాట ఇంటి గడప దాటకుండా దూరదేశపు గిరాకీకి పని చేసిన వాళ్లలో నేతగాళ్లు ముందు వరుసలో ఉంటారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. అప్పటికే కృష్ణా, గోదావరి తీరపు ఊళ్లలో నేసిన బట్ట ఓడలెక్కి పర్షియాకూ తూర్పు దీవులకూ వెళుతోంది. కొనేవాడు సముద్రానికి ఆవల ఉన్నా నేసేవాడు మాత్రం తన ఇంటి ముందుగదిలోనే ఉండేవాడు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువారి నోట మెడపోలమ్‌గా మారి, ఒక రకం నూలు గుడ్డకే పేరుగా స్థిరపడింది. ఆ గుడ్డను నేసిందీ ఇళ్లలోనే.

నేతింటి కట్టుబడే పనికి తగ్గట్టు ఉండేది. ముందుగదిలో నేల తవ్వి, కాళ్లు వేలాడేసుకునేంత లోతున గుంట చేస్తారు. నేతగాడు గుంట అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించి తొక్కుడు చెక్కలను తొక్కుతాడు. ఒళ్లో నేసిన గుడ్డ, ఎదురుగా పడుగు, చేతిలో నాడె. గుంట నేలమట్టానికి కింద ఉండడంతో అందులో కాస్త చెమ్మ నిలుస్తుంది. ఎండాకాలంలో పడుగు పోగులు పెళుసెక్కి తెగకుండా ఆ చెమ్మ కాపాడుతుంది. వానాకాలంలో అదే గుంట శత్రువు. నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది, నీళ్లు తోడి నేల ఆరేదాకా పని లేదు. మగ్గం ఒక్కటే ఇంట్లో చాలా భాగం ఆక్రమిస్తుంది గనుక వంట, నిద్ర, చుట్టపక్కాలు, పురుళ్లు అన్నీ మిగిలిన జాగాలో సర్దుకోవాల్సిందే. పనిచోటు వేరు, ఇల్లు వేరు అన్న ఏర్పాటు అక్కడ లేదు.

మగ్గం మీద కనిపించేది ఒక మనిషే. అతని వెనక మాత్రం ఇంటిల్లిపాదీ పని చేసేవారు. చిలపల నూలును రాట్నం మీద కండెలకు చుట్టడం, పడుగు పోయడం, అచ్చులో పోగులు అతకడం, రంగులద్దిన నూలు ఆరబెట్టడం ఆడవాళ్ల చేతుల మీదుగా, పిల్లల చేతుల మీదుగా, ఇక మగ్గం ఎక్కలేని ముసలివాళ్ల చేతుల మీదుగా సాగేవి. ఒక మగ్గం నడవాలంటే దాని పక్కన ఇద్దరు ముగ్గురు పని చేయాలి. కూలి లెక్కకు వచ్చేది మాత్రం మగ్గం మీది మనిషి పనే. కండెలు చుట్టిన చేతులకు విడిగా మజూరీ కట్టే అలవాటు ఏ షావుకారుకూ లేదు. చుట్టు పనంతా చీర మజూరీలో కలిసిపోయేది. ఇంట్లో జరిగే పనికి ఇంటి మనుషుల శ్రమ ఉచితంగా తోడవుతుందన్న లెక్క తర్వాతి కాలంలో లేసుకీ బీడీకీ కూడా వర్తించింది.

ఇంత పని ఒకే కప్పు కింద జరుగుతున్నా, పాతకాలపు మగ్గానికి కొన్ని హద్దులుండేవి. ఎవరూ సంకల్పించి పెట్టుకున్నవి కావు అవి, పని స్వభావంలోనే ఉన్నవి. మొదటిది వెలుగు. ఆముదపు దీపం కింద సన్న నూలు కంటికి ఆనదు. తెగిన పోగు కనబడక అలాగే నేసేస్తే గుడ్డలో గీత పడుతుంది, షావుకారు ధర కోస్తాడు. అందుకే పొద్దుగూకితే నాడె కింద పెట్టేవారు. రెండోది పడుగు పొడవు. ఒక పడుగు నేయడం పూర్తయ్యాక కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. అది కూడా పనే అయినా వేరే రకం పని. కాళ్లకూ నడుముకూ విడుపు దొరికేది. బయట తిరగాల్సిన పనులూ పెళ్లి మాటలూ ఈ సందులోనే కానిచ్చేవారు.

మూడో హద్దు వాతావరణం. పడుగుకు గంజి పట్టించడం ఇంట్లో కుదరదు, వీధి కావాలి. తెల్లవారుజామున గాలి లేవకముందే వీధి పొడుగునా కర్రల మీద పడుగు సాగదీసి, పెద్ద కుంచెలతో గంజి రాసి, పోగు పోగూ అంటుకోకుండా దువ్వుకుంటూ పోయేవారు. ఒక ఇంటి పడుగుకు నలుగురు ఇరుగుపొరుగు వాళ్లు చెయ్యి వేసేవారు. రేపు వాళ్ల పడుగుకు వీళ్లు వెళ్లాలి. నేతగాళ్ల వీధులు చాలా ఊళ్లలో వెడల్పుగా, చెట్ల నీడతో ఉండడానికి ఇదే కారణం. రోజంతా ఒంటరిగా గుంటలో కూర్చునే మనిషిని వీధిలోకి లాగి నలుగురిలో నిలబెట్టేది ఈ గంజి పనే. ఈనాటి పరిభాషలో చెబితే సహోద్యోగుల ముఖం చూసేది అక్కడే. వాన పడితే ఈ పని సాగేది కాదు. నాలుగోది అమావాస్య. చాలా నేత ఊళ్లలో ఆ రోజు మగ్గం ముట్టరు. పద్మశాలీలకు భావనారుషి, మార్కండేయుడు, దేవాంగులకు చౌడేశ్వరి కొలిచే దేవతలు. వాళ్ల పండుగలకు, దసరా నాటి మగ్గం పూజకు నేత ఆగుతుంది. ఆదివారం సెలవన్నది దేశంలో వాడుక కావడానికి ఎంతో ముందే నెలకో నిశ్చయమైన విశ్రాంతి దినాన్ని ఆ కులవృత్తి ఏర్పరచుకుంది. ఇంట్లోనే పని కనుక ఆ రోజు ఎవరు నేసినా నాడె చప్పుడు పక్కింటికి వినబడుతుంది. కట్టుబాటు నిలబడింది భక్తి వల్లే అనుకుంటే సగమే నిజం.

అయిదో హద్దు ఒప్పందంలో ఉండేది. అన్నిట్లోకీ ముఖ్యమైనదీ అదే. నూలు కొనడానికీ, నేసినన్నాళ్లు తిండికీ వర్తకుడు బయానా ఇచ్చేవాడు. 18వ శతాబ్దపు దక్షిణ భారత నేతపై పరిశోధించిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి ఈ బయానాలో ఒక వింత బయటపెట్టాడు. ఇంతకంటే మంచి ధర ఇచ్చేవాడు దొరికితే నేతగాడు బయానా తిరిగిచ్చేసి ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. వర్తకుడికి మాత్రం అలా మధ్యలో డబ్బు వెనక్కి అడిగే వీలు ఉండేది కాదు. తప్పుకునే దారి తెరిచి ఉన్నంతకాలం గడువు విషయంలోనూ ధర విషయంలోనూ నేతగాడి మాటకు బరువుండేది. అదీ మరీ కష్టమైతే ఊరు విడిచి మరో దొర ఏలుబడిలోకి వెళ్లిపోయేవాడు. మగ్గం విప్పి మోసుకుపోవచ్చు, కొత్త చోట గుంట తవ్వుకోవచ్చు. నేతగాళ్లను తమ ఊళ్లకు పిలిచి పన్ను తగ్గించి నిలుపుకోవడం అప్పటి పాలకులకు కూడా లాభమే.

ఈ దారి కంపెనీ పాలనలో మూసుకుపోయింది. 1765లో మొగలు ఫర్మానా, మరుసటి ఏడు నిజాముతో సంధి ద్వారా ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. బట్ట కొనేవాడూ పన్ను వసూలు చేసేవాడూ ఒక్కడే అయ్యాడు. మధ్యవర్తి వర్తకులను తప్పించి, తన గుమాస్తాల ద్వారా కంపెనీ నేరుగా బయానాలు ఇచ్చింది. బయానా పుచ్చుకున్న నేతగాడు ఇతరులకు నేయకూడదని నియమం పెట్టింది. గడువు తప్పితే బంట్రోతు వచ్చి ఇంటి ముందు కూర్చునేవాడు, అతని బత్తెం కూడా నేతగాడి నెత్తినే. ఇల్లు అదే, మగ్గం అదే, చేసే మనిషీ అతనే. గడియారం మాత్రం మరొకరి చేతిలోకి వెళ్లింది. 18వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో గోదావరి, విశాఖ ప్రాంతాల నేతగాళ్లు మూకుమ్మడిగా మగ్గాలు ఆపారు, కంపెనీ అధికారులకు అర్జీలు పెట్టుకున్నారు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల మీద రాసిన పుస్తకంలో పి. స్వర్ణలత ఈ అర్జీలను ఆధారంగా తీసుకున్నారు. ధర ఒక్కటే వారి ఫిర్యాదు కాదు, తమ పని మీద తమకున్న అధికారం పోతోందన్నదీ ఫిర్యాదే.

19వ శతాబ్దంలో విదేశీ గిరాకీ పడిపోయింది. మిల్లు నూలు వచ్చింది, మాంచెస్టరు బట్టా వచ్చింది. ఇంట్లో నూలు వడికే ఆడవాళ్ల ఆదాయం ముందుగా పోయింది, నేత మాత్రం చవక నూలుతో ఈడ్చుకొచ్చింది. ఆ శతాబ్దం చివరికి కిరసనాయిలు దీపం ఊళ్లకు చేరడంతో వెలుగు అనే పాత హద్దు సడలింది. చరిత్ర పుస్తకాలు మిల్లుల పోటీ గురించి రాసినంతగా ఈ దీపం గురించి రాయలేదు. నిజానికి మజూరీ తగ్గినప్పుడల్లా ఆ లోటును రాత్రి గంటలతో పూడ్చుకునే వీలు నేతింటికి ఇచ్చింది అదే. దాంతో లోటు షావుకారుదాకా పోకుండా కుటుంబం నిద్రలో సర్దుబాటయింది.

చేత్తో విసిరే నాడెకు బదులు తాడు లాగితే దూకే నాడె 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చీరాల వంటి కోస్తా నేత ఊళ్లలో వేగంగా పాకింది. ఇంగ్లండులో 1733లో జాన్ కే కనిపెట్టిన పరికరమిది. వెడల్పు గుడ్డ ఒక్క మనిషే నేయవచ్చు, వేగం పెరుగుతుంది. మగ్గం వేగం పెరిగిన మేరకు కండెలు ఎక్కువ కావాలి. అంటే ఒక యంత్రం మగవాడి చేతికి ఇచ్చిన వేగం ఇంటి ఆడవాళ్ల రాట్నానికి అదనపు బరువైంది. రాట్నాన్ని మాత్రం ఎవరూ మెరుగుపరచలేదు.

ఇదే కాలంలో నేతగాళ్లను ఇంటి నుంచి బయటికి తీసుకురావాలన్న ప్రయత్నమూ జరిగింది. మద్రాసు ప్రభుత్వ పరిశ్రమల వ్యవహారాలు చూసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1906లో సేలంలో ఒక నేత కార్ఖానా తెరిచాడు. మెరుగైన మగ్గాలు, నిర్ణీత వేళలు, కచ్చితమైన కూలి అతని ఏర్పాట్లు. నేతగాళ్లకు అది నచ్చలేదు. గంట కొట్టగానే రావడం, గంట కొట్టేదాకా ఉండడం అలవాటు లేని పని. పైగా ఇంట్లోనైతే భార్యాపిల్లల చేతి సాయం ఉంటుంది, కార్ఖానాలో ఒంటరి కూలి. ఆ ప్రయోగం కొన్నేళ్లకే ముగిసింది. అధికారులు దీన్ని నేతగాళ్ల మొండితనం కింద జమకట్టారు. నేతగాడి వైపునుంచి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. ఇంట్లో ఎక్కువ గంటలు పని చేసినా మధ్యలో లేచే స్వేచ్ఛ, పొలం పనికో పెళ్లికో పోయే వీలు ఉన్నాయి. కార్ఖానా ఇచ్చే కూలి వాటి ఖరీదుకు తూగలేదు.

అయితే ఆ స్వేచ్ఛ ఎంత మిగిలిందన్నది వేరే ప్రశ్న. ఎన్.జి. రంగా 1930లో వెలువరించిన చేనేత ఆర్థిక పరిస్థితుల గ్రంథంలోనూ, పి.జె. థామస్ అధ్యక్షతన 1942లో నివేదిక ఇచ్చిన నిజనిర్ధారణ సంఘం లెక్కల్లోనూ కనిపించేది ఒకటే: సొంత నూలుతో సొంతంగా అమ్ముకునే నేతగాడు తగ్గిపోతున్నాడు, మాస్టర్ వీవరు ఇచ్చిన నూలును మజూరీకి నేసిపెట్టేవాడు పెరుగుతున్నాడు. అప్పు తీరేదాకా మరొకరికి నేయకూడదన్నది అలిఖిత నియమం. సుమారు ఒకటిన్నర శతాబ్దం కిందట కంపెనీ పెట్టిన షరతే ఇప్పుడు స్థానిక షావుకారు నోట వచ్చింది. దీనికి విరుగుడుగా సహకార సంఘాలు వచ్చాయి. నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్య తన జీవితమంతా ఈ సంఘాలకే ధారపోశాడు. సంఘం నూలిచ్చి, బట్ట కొని, మజూరీ ముందే నిర్ణయిస్తే ఇంట్లో ఉన్న నేతగాడికి బేరమాడే బలం వస్తుందన్నది ఆ ఉద్యమపు సారం. బాగా నడిచిన ఊళ్లలో అది జరిగింది కూడా. బట్ట నిల్వలు పేరుకుపోయి బకాయిలు రాని ఊళ్లలో సభ్యులు తిరిగి షావుకారు గడపే తొక్కారు.

ఇంటి పని ఒంటి మీద ఏం చేస్తుందో చెప్పడానికి పోచంపల్లి పరిసరాల్లోని ఆసు పని కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. చిటికి కట్టి రంగులద్దే టై అండ్ డై చీరకు పేక నూలును ముందుగా అర్ధచంద్రాకారపు మేకుల చట్రం మీద పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక చివరి మేకు చుట్టూ, ఎదుటి వరుసలో ఒక్కో మేకు చుట్టూ పోగు తిప్పుతూ చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఇది పూర్తిగా ఆడవాళ్ల పని. భుజం కీళ్లు అరిగిపోయి నడివయసుకే చెయ్యి పైకెత్తలేని వాళ్లు ఆ ఊళ్లలో ఇంటింటా ఉండేవారు. నొప్పి ఓర్చుకోలేక తమ పిల్లలను నేతింటికి ఇవ్వబోమన్న తల్లులూ ఉన్నారు. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే బాధ చూసి ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఒక యంత్రం చేశాడు. లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చదువు ఆపేసిన ఒక నేతగాడు చూసేదాకా ఆ భుజాల నొప్పిని పరిశ్రమ సమస్యగా ఎవరూ లెక్కించలేదు. వంటింటి పక్కన జరిగే పని గనుక అది ఇంటి సంగతిగానే ఉండిపోయింది.

లేసు కథ దీనికి మరో ముఖం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాలో లేసు అల్లిక మొదలైంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల్లో వేలమంది ఆడవాళ్లు చేతిలో ఒక చిన్న కొక్కెపు సూది, దారపు ఉండతో ఐరోపా బల్లల మీద పరిచే గుడ్డలు అల్లారు. దీనికి మగ్గం అక్కర్లేదు, గుంట అక్కర్లేదు, అరుగు మీద కూర్చోవచ్చు, కబుర్లు చెప్పుకుంటూ అల్లవచ్చు. బయటికి పోయి కూలి చేయడం పరువు తక్కువనుకునే కుటుంబాల ఆడవాళ్లకు ఇది గౌరవం తగ్గని సంపాదన. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర ఇక్కడ ఉండి పరిశోధించి, 1982లో నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద పుస్తకం తెచ్చారు. ఎగుమతిదారులు, ప్రభుత్వ లెక్కలు, చివరికి ఇంటి మగవాళ్లు కూడా ఈ పనిని తీరిక వేళ కాలక్షేపంగానే చెప్పారు. అల్లేవాళ్లు మాత్రం వంట, పిల్లలు, పశువుల పని ముగించి రోజులో చాలా గంటలు అల్లికకే పెట్టేవారు. దాన్ని తీరిక పని అన్నంతకాలం దానికి పూర్తి కూలి కట్టనక్కర్లేదు. లాభం ఏజెంట్ల దగ్గర, ఎగుమతిదారుల దగ్గర పోగైంది. జనాభా లెక్కల్లో మాత్రం ఆ ఆడవాళ్లు గృహిణులు. సూదిపనికి ఆముదపు దీపం లాంటి హద్దూ లేదు, పడుగు అయిపోవడం లాంటి విరామమూ లేదు. ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే పని ఎప్పుడైనా చేయాల్సిన పనిగా మారడం తెలుగు నాట మొదట స్పష్టంగా కనిపించేది ఈ అరుగుల మీదే.

తీరిక పని అన్న మాటను ఒకసారి మాత్రం గట్టిగా సవాలు చేసినవాడు గాంధీ, అదీ తన ఉద్యమంలోనే. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం రైతు కుటుంబాల ఖాళీ సమయపు ఆదాయంగానే వడకడాన్ని ప్రచారం చేసింది. కూలి చాలా తక్కువ. 1935లో గాంధీ పట్టుబట్టి, ఎనిమిది గంటల సమర్థమైన పనికి తిండీ బట్టా గడిచేంత కనీస కూలి వడికేవాళ్లకు ఇవ్వాలని సంఘం చేత తీర్మానం చేయించాడు. ఖాదీ ధర పెరుగుతుందని, అమ్మకాలు పడిపోతాయని సొంత కార్యకర్తలే గొణిగారు. ఇంట్లో వడికినా గంట గంటే అన్న సూత్రం అప్పుడు కాగితం మీదికి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి సన్న నూలు వడికే స్త్రీలు ఈ ఖాదీ సంస్థల నీడలోనే తమ పని నిలుపుకున్నారు.

బీడీ దగ్గరికి వచ్చేసరికి చట్టం రంగంలోకి దిగింది. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షలాది స్త్రీలు ఇళ్లలో బీడీలు చుడతారు. తునికాకును రాత్రి తడిపి గుడ్డలో చుట్టి పెట్టాలి, తెల్లారి కొలత రేకు పెట్టి కత్తిరించాలి, ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొన మడవాలి. లెక్క వెయ్యి బీడీలకు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొనుక్కోవాలి, పనికిరావని తీసేసిన బీడీలకు కూలి రాదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. యజమానులు కోర్టుకు వెళ్లారు. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1985లో ప్రావిడెంట్ ఫండు కూడా ఇంటి కార్మికులకు వర్తిస్తుందని తేల్చింది. పీఎఫ్ నంబరు ఉండడమంటే బీడీ చుట్టే మనిషికి కార్మికురాలినన్న రుజువు చేతికి రావడమే. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలుపెట్టినప్పుడు అర్హతకు కొలతగా ఈ పీఎఫే పనికొచ్చింది.

అంత మంచి చట్టంలోనూ ఒక కంత ఉండేది. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించి పని చేయించరాదన్న నిబంధన పారిశ్రామిక ఆవరణలో చేసే పనికే వర్తించేలా రాశారు. ఇంటి గోడల మధ్య ఎన్ని గంటలు చుట్టినా అడిగే నాథుడు ఉండేవాడు కాదు. ఇంట్లోకి ఇన్‌స్పెక్టరు వెళ్లి గడియారం చూడడం ఎలాగన్న చిక్కు నిజమే. కానీ రోజుకు ఎన్ని బీడీలకు సరుకు ఇచ్చారో పాసుబుక్కులో ఉంటుంది. దాన్నిబట్టి గంటలు కట్టడం అసాధ్యమేమీ కాదు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పని మీద ప్రత్యేకంగా 177వ ఒడంబడికను ఆమోదించింది. ఇంటి కార్మికుడికీ కార్ఖానా కార్మికుడికీ కూలిలో, భద్రతలో, ప్రసూతి రక్షణలో తేడా ఉండరాదని దాని సారాంశం. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు.

ఈలోగా సిరిసిల్లలో మగ్గం స్థానాన్ని సాంచె ఆక్రమించింది. కరెంటు మగ్గానికి పొద్దుతో పని లేదు. పన్నెండు గంటల పాళీలు రివాజైపోయాయి. సాంచాలు కొన్ని ఇళ్లను ఆనుకునే వెలిశాయి గనుక పడుకున్న పిల్లలకు రాత్రంతా ఆ మోతే. చేతి మగ్గం మీద ఉన్నవాళ్లూ బల్బు కింద రాత్రిపూట నేయడం మామూలైంది. పాత హద్దుల్లో గట్టిగా మిగిలింది అమావాస్య ఒక్కటే. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 31.45 లక్షల చేనేత కుటుంబాలున్నాయి. నేసేవాళ్లలో ఇప్పుడు ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు వేరే పనులకు వెళ్లిపోగా ఇల్లు, మగ్గం రెండూ వాళ్ల చేతికి వచ్చాయి.

కార్యాలయపు పనిని ఇంటికి పంపాలన్న ఆలోచన పుట్టింది అమెరికాలో, 1973 చమురు సంక్షోభం రోజుల్లో. కాలిఫోర్నియాలో జాక్ నిల్స్ రోజూ కార్లలో వచ్చిపోయే బదులు టెలిఫోను తీగల మీద పనినే పంపవచ్చని వాదించాడు. 1980లో ఆల్విన్ టాఫ్లర్ రానున్న కాలంలో ఇల్లే ఎలక్ట్రానిక్ కుటీరమవుతుందని రాశాడు. కుటీరాల్లో పని చేసిన వాళ్ల అనుభవం ఆ రాతల్లో అంతగా కనబడదు. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రారంభమైనప్పుడు తెలుగు నాట సాఫ్ట్‌వేర్ పని పూర్తిగా భవనాల పని. ప్రత్యేక ఆర్థిక మండలాల నియమాలు, టెలికం శాఖ షరతులు ఉద్యోగి ఆవరణ లోపలే ఉండాలన్న ఊహ మీదే నడిచాయి. ఇంటినుంచి పని చేయించాలంటే కంపెనీ భారీ పూచీకత్తు కట్టాల్సి వచ్చేది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలు కాగానే ఆ షరతులు వారాల్లో సడలిపోయాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఖాళీ అయ్యాయి. వేలమంది తెనాలికో, నిర్మల్‌కో, ఇంకా లోపలి పల్లెకో సొంతింటికి వెళ్లి, సిగ్నలు అందే గదిలో ల్యాప్‌టాప్ తెరిచారు. కొన్నాళ్లకు అమెరికా వేళల కాల్సు రాత్రి పదకొండుకూ, ఇక్కడి మేనేజరు మీటింగు ఉదయం తొమ్మిదికీ పడ్డాయి. కుర్చీ, కరెంటు, ఇంటర్నెట్, ఏసీ ఖర్చులు ఉద్యోగివి. బల్ల లేక మంచం మీద పని చేసి మెడ పట్టేసినవాళ్లు, పిల్లల ఆన్‌లైన్ క్లాసూ తమ కాలూ ఒకే గదిలో నడిపినవాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. ఆడవాళ్ల మీద వంటిల్లు రెండింతలైంది. జీతం నెలకు స్థిరంగా వస్తుందన్నది వీళ్లకూ బీడీ చుట్టేవాళ్లకూ ఉన్న పెద్ద తేడా, దాన్ని చిన్నబుచ్చకూడదు. పని గంటల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే చిక్కు: ఆవరణ దాటిన పనికి గడియారం పెట్టే నియమం లేదు.

నియమాలు ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. 2020 నవంబరులో టెలికం శాఖ బీపీవో తరహా సంస్థల షరతులను బాగా తగ్గించి ఇంటినుంచి పనికి శాశ్వతంగా దారి ఇచ్చింది. 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండలాల నియమావళిలో 43ఎ అన్న కొత్త నిబంధన చేరింది. ఉద్యోగుల్లో సగం మంది వరకు, ఒక ఏడాది పాటు, ఇంటినుంచి పని చేయవచ్చని అది చెప్పింది. ఇవన్నీ కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య నిబంధనలు. ఉద్యోగి వేళల సంగతి వాటిలో లేదు. పని వేళ ముగిశాక ఫోనుకూ మెయిలుకూ బదులివ్వకపోయే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి అమలు చేస్తోంది. అలాంటి హక్కు కోసం 2018లో లోక్‌సభలో సుప్రియా సూలే ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇంటి ఆధారిత కార్మికులకు నిర్వచనం ఇచ్చింది. అసంఘటిత రంగపు వరుసలో వాళ్లకు చోటు కల్పించింది. మగ్గం, లేసు, బీడీ ఆ వరుసలోకి వస్తాయి. ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసే నెలజీతగాడి పని గంటలు మాత్రం నేటికీ అతని నియామకపత్రం మీదా, అతని పై అధికారి మర్యాద మీదా ఆధారపడి నడుస్తున్నాయి.